రియల్ ఎస్టేట్‌లో మెంటార్ కావాలా? ముందు ఈ వీడియో చూడండి

 

ఈ మధ్య కామెంట్స్‌లో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, రియల్ ఎస్టేట్‌లో ఇన్వెస్ట్ చేద్దామనుకుంటున్నా, నాకు ఏమీ తెలీదు, ఒక మంచి మెంటార్‌ని చెప్పండి." నేను ఎవరి పేరూ చెప్పను. ఎందుకు చెప్పనో ఈ ఎపిసోడ్ అయ్యేసరికి మీకే అర్థమవుతుంది. కానీ మెంటార్‌ని ఎలా వెతుక్కోవాలి, వెతికేలోపు మనంతట మనం ఏం నేర్చుకోవచ్చు, మెంటార్ అని చెప్పుకునే మనిషిని ఎలా పరీక్షించాలి, ఈ మూడూ మాట్లాడుకుందాం. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలవే తీసుకుంటున్నాను. ఆంధ్రాలో ఎక్కడ తేడా ఉంటుందో మధ్యలో చెప్తాను.

మొదటి విషయం. ఈ ఫీల్డ్‌లో మనకి సలహా ఇచ్చేవాళ్లు మూడు రకాలు. మనం కొంటే డబ్బులొచ్చేవాళ్లు ఒక రకం. ఏజెంట్, చానల్ పార్ట్‌నర్, వెంచర్ మార్కెటింగ్ వాళ్లు. మనం కొన్నా కొనకపోయినా ఫీజు తీసుకునేవాళ్లు రెండో రకం. టైటిల్ చూసే అడ్వకేట్, లైసెన్స్‌డ్ సర్వేయర్, చార్టర్డ్ అకౌంటెంట్. మనం కొన్నా కొనకపోయినా ఏమీ రానివాళ్లు మూడో రకం. పది పదిహేనేళ్ల క్రితం ఒక ప్లాటో ఫ్లాటో కొని, ఇప్పటికీ దాన్ని చూసుకుంటున్న మన బాబాయో, ఆఫీసులో సీనియరో, పక్కింటి రిటైర్డ్ టీచరో.

మొదటి రకం వాళ్లందరూ మోసగాళ్లని నేను అనట్లేదు. ఏ గల్లీలో గజం ఎంతకి పోతోందో ఒక మంచి ఏజెంట్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆయన దగ్గర సమాచారం తీసుకోండి. కానీ "కొనాలా వద్దా" అనే నిర్ణయం మాత్రం ఆయన్ని అడగకండి. బట్టల షాపాయన్ని "ఈ చీర బాగుందా" అని అడిగితే ఏమంటాడో మనందరికీ తెలుసు కదా.

అంటే మీ మెంటార్ రెండో రకం, మూడో రకం మనుషుల్లోంచి రావాలి. ఒక్కడే గురువు దొరకాలని కూడా చూడకండి. టైటిల్‌కి ఒకరు, కొలతలకి ఒకరు, ట్యాక్స్‌కి ఒకరు, అద్దెలూ టెనెంట్ల గురించి ఒకరు. నలుగురు కలిస్తే ఒక మెంటార్ అనుకోండి.

సరే, వాళ్ల దగ్గరికి వెళ్లేముందు మనం కొంచెం తయారవ్వాలి. ఏమీ చూడకుండా వెళ్లి "సార్, ఎక్కడ పెడితే బాగుంటుంది?" అని అడిగితే, ఎంత మంచి మనిషైనా "ఆదిభట్ల వైపు చూడు, శంకర్‌పల్లి వైపు చూడు" అని ఒక పేరు చెప్పి పంపించేస్తాడు. మన ప్రశ్నే అలా ఉంది మరి.

తయారవ్వడానికి ఖర్చు లేని పని ఒకటి చెప్తాను. మీ ఇంట్లో బీరువాలో ఒక డాక్యుమెంట్ ఉంటుంది. మీ నాన్నగారి ఇంటిదో, తాతగారి పొలానిదో. ఆ సేల్ డీడ్ తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. అమ్మినవాళ్లెవరు? వాళ్లకి ఆ ఆస్తి ఎలా వచ్చింది, కొన్నారా, వారసత్వమా, పంపకమా? లింక్ డాక్యుమెంట్ నంబర్ ఏంటి? చివర్లో షెడ్యూల్ ఉంటుంది, నాలుగు వైపులా హద్దులు రాసుంటాయి. ఆ కాగితం పట్టుకుని వెళ్లి ఆ హద్దులు ఇప్పుడు అక్కడ అలాగే ఉన్నాయా చూడండి. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరినవాడికి మొదటి రోజే కోడ్ రాయమనరు, ఉన్న కోడ్ చదవమంటారు. ఇదీ అంతే.

తర్వాత అదే ఆస్తికి ఈసీ తీయండి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలన్నీ వరుసగా వస్తాయి. అమ్మకాలు, గిఫ్టులు, బ్యాంక్ మార్ట్‌గేజ్‌లు. ఈసీలో లేనివి కూడా ఉంటాయని గుర్తుపెట్టుకోండి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, ఇంటి లోపల అన్నదమ్ముల తగాదా, ఇంకా నమోదు కాని కోర్టు కేసు, ఇవి ఈసీలో కనపడవు. ఈసీ క్లియర్‌గా ఉంది కాబట్టి అంతా క్లియర్ అన్నవాడు మీకు సగమే చెప్తున్నాడు.

ఇంకో ముఖ్యమైన మాట. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇంకేం భయం" అంటారు చాలామంది. మన దేశంలో రిజిస్టర్ అయ్యేది డాక్యుమెంట్, హక్కు కాదు. అమ్మినవాడికి ఎంత హక్కు ఉందో అంతే మనకి వస్తుంది. వాడికి సున్నా ఉంటే, 7.5 శాతం డ్యూటీ కట్టి మనం సున్నానే రిజిస్టర్ చేయించుకుంటాం. 2024 జూలైలో హైడ్రా ఏర్పాటయ్యాక చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, బఫర్‌లో కట్టిన ఇళ్లు కూలిపోవడం టీవీలో చూశాం. "మా దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది" అని ఏడ్చినవాళ్లని కూడా చూశాం. కాగితం ఉండటం వేరు, ఆ స్థలంలో కట్టుకునే హక్కు ఉండటం వేరు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డుతో ఆగకుండా, నిషేధిత జాబితా, అంటే 22ఏ లిస్టు, అది అసైన్డ్ భూమా, చెరువు హద్దులో ఉందా, ఇవన్నీ చూడాలి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మకూడదని కూడా చాలామందికి కొనేదాకా తెలీదు.

వ్యవసాయ భూమి అయితే భాషే మారిపోతుంది. తెలంగాణలో పహాణీ, సేత్వార్, టిప్పన్ అంటారు, 1954-55 కాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్తారు, ఎకరానికి 40 గుంటలు. ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూ భారతి వచ్చింది. ఆంధ్రాలో అడంగల్, 1బీ, ఎఫ్‌ఎంబీ అంటారు, ఎకరానికి 100 సెంట్లు. గుంటూరులో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పెద్దాయన కూడా శంషాబాద్ భూమి గురించి మీకు చెప్పలేకపోవచ్చు. మెంటార్ లోకల్ అయ్యుండాలి అనేది అందుకే.

డాలస్‌లో, లండన్‌లో ఉండి చూస్తున్నవాళ్లకి ఒక మాట. ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడ ఇల్లు, ఫ్లాట్, కమర్షియల్ ఆస్తి కొనుక్కోవచ్చు కానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా రావడం వేరే సంగతి. మీకు ఫామ్ ల్యాండ్ అమ్మజూపేవాడు ఈ ఒక్క విషయం ముందే చెప్పాడా లేదా చూడండి. ఆయన సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు లెక్కలు. మెంటార్ చేసి పెట్టాల్సింది కాదు ఇది, మనమే చేసుకోవాలి. ఉదాహరణకి 60 లక్షల ఫ్లాట్, అద్దె నెలకి 18 వేలు అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 16 వేలు. అంటే 3.6 శాతం. అందులోంచి మెయింటెనెన్స్ నెలకి 2,500 చొప్పున 30 వేలు, ప్రాపర్టీ ట్యాక్స్ ఒక 6 వేలు, ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 18 వేలు తీసేయండి. మిగిలేది 1 లక్షా 62 వేలు, 2.7 శాతం. బ్యాంక్ 80 శాతం, అంటే 48 లక్షలు ఇచ్చిందనుకోండి. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఈఎంఐ 41,600 పైనే వస్తుంది. అద్దె 18 వేలు. మిగతా 23 వేల చిల్లర ప్రతి నెలా మీ జీతంలోంచి వెళ్తుంది. మొదట్లో మీ చేతినుంచి పెట్టేది 12 లక్షల డౌన్ పేమెంట్, ఇంకా తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. దీన్ని బ్యాంక్ లోన్‌లో కలపదు.

ఈ లెక్క చూసి ఫ్లాట్ కొనకూడదని కాదు. రేటు పెరుగుతుందన్న నమ్మకంతో కొంటున్నాం, అద్దె కోసం కాదు అని స్పష్టంగా తెలిసి కొనాలి. "అద్దెతోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అని ఎవరైనా అంటే, కాగితం మీద లెక్క వేసి చూపించమనండి.

డబ్బు పెట్టకుండా ప్రాక్టీస్ చేసే పద్ధతి ఒకటుంది. ఒక ఏరియా ఎంచుకోండి, మీ ఇంటికి గంట దూరంలోపు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలవండి. ప్రతి ఆదివారం ఒక ప్రాపర్టీ, నిజంగా కొంటున్నట్టే చూడండి. టులెట్ బోర్డులు కనిపిస్తే ఒక పదింటికి ఫోన్ చేయండి, అసలు అద్దె ఎంతో తెలుస్తుంది. వాచ్‌మన్‌ని అడగండి, ఎన్ని ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయని. కిరాణా కొట్టాయన్ని అడగండి, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు ఎన్ని వస్తాయని. ప్లాట్ అయితే ఆగస్టులో వాన పడ్డ మర్నాడు వెళ్లండి. బ్రోచర్‌లో చెప్పనిది ఆ నీళ్లే చెప్తాయి. ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. ఇలా ఒక 10 ప్రాపర్టీలు చూశాక మీ ప్రశ్నలే మారిపోతాయి.

ఇప్పుడు మెంటార్ దగ్గరికి వెళ్దాం. ఎలా అడగాలి? "అంకుల్, నాకు నేర్పిస్తారా" అని కాదు. ఇలా అడగండి: "అంకుల్, నేను ఫలానా చోట ఒక ప్లాట్ చూశాను. ఈసీలో 2014లో మార్ట్‌గేజ్ ఉంది, రిలీజ్ డీడ్ కనపడట్లేదు. మీరైతే తర్వాత ఏం అడుగుతారు?" ఈ ప్రశ్నకి అనుభవం ఉన్న ఏ మనిషైనా అరగంట మాట్లాడతాడు. ఎందుకంటే మీరు పని చేసి వచ్చారని తెలుస్తోంది. విన్నాక ఇంటికెళ్లి ఆయన చెప్పింది చేసి, ఏం తేలిందో వారం తర్వాత ఫోన్ చేసి చెప్పండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. సలహా తీసుకుని మాయమైపోతారు. తిరిగొచ్చి చెప్పేవాడికే రెండోసారి తలుపు తెరుచుకుంటుంది.

ఊరికే తీసుకోవడం కాదు, ఇవ్వండి కూడా. పెద్దవాళ్ల దగ్గర డాక్యుమెంట్లు కవర్లలో, సంచుల్లో ఉంటాయి. వాటిని స్కాన్ చేసి, సంవత్సరం వారీగా ఫోల్డర్లలో పెట్టి ఇవ్వండి. నాలుగు ఇళ్ల అద్దెలు డైరీలో రాసుకునే ఆయనకి ఒక చిన్న షీట్ చేసి పెట్టండి. ఆ పని చేస్తూ మీరు ముప్పై డాక్యుమెంట్లు చదివేస్తారు, ఆయన పక్కన కూర్చుని ఒక్కోదాని కథ చెప్తాడు. ఏ కోర్సులోనూ ఇది దొరకదు. అడ్వకేట్ దగ్గర మాత్రం ఫ్రీగా అడగకండి. ఫీజు ఇచ్చి రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి, తర్వాత "సార్, ఈ పాయింట్ ఎందుకు రాశారు" అని అడగండి. ఆ ఫీజులోనే మీకు ఒక క్లాస్ కూడా అయిపోతుంది. అమ్మేవాళ్లు చూపించిన అడ్వకేట్ కాదు, మీరు పెట్టుకున్న అడ్వకేట్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు, ఊరు చెప్పను. వాళ్ల నాన్నగారు రిటైరయ్యారు, వచ్చిన డబ్బులో 18 లక్షలు ఉన్నాయి. ఒక "మెంటార్" దగ్గర ఫీజు కట్టి గ్రూపులో చేరాడు. రెండు నెలలు క్లాసులు బాగానే చెప్పారట. తర్వాత "మన గ్రూప్ మెంబర్స్‌కి మాత్రమే" అని ఒక ప్రీ లాంచ్ ఆఫర్. బయట రేటు కంటే దాదాపు సగానికి ఫ్లాట్, కానీ మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి, ఆదివారం లోపు. ఇంకా రెరా నంబర్ రాలేదు, ప్రాసెస్‌లో ఉందన్నారు. "అన్నా, ఈయన మా నాన్నతో కూడా మాట్లాడారు, నాన్న ఒప్పేసుకున్నారు, నాకే ఏదో అనుమానంగా ఉంది" అని రాశాడు.

తమ్ముడూ, నీ అనుమానం కరెక్టే. ఒక్కో పాయింట్ చూద్దాం. రెరా చట్టం 2016 సెక్షన్ 3 ప్రకారం, రిజిస్టర్ చేయకుండా ప్రాజెక్టుని అమ్మడం కాదు కదా, ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా కుదరదు. 500 చదరపు మీటర్లు దాటని స్థలం, లేదా 8 ఫ్లాట్లు దాటని చిన్న ప్రాజెక్టులకి మాత్రమే మినహాయింపు. సెక్షన్ 13 ప్రకారం, అగ్రిమెంట్ ఫర్ సేల్ రిజిస్టర్ చేయకుండా ఖరీదులో 10 శాతం మించి తీసుకోకూడదు. నిన్ను 100 శాతం అడుగుతున్నారు. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంక్ అకౌంట్‌లో పెట్టి, ఆ ప్రాజెక్టు భూమికి, కట్టడానికే వాడాలి. ఇక్కడ రిజిస్ట్రేషనే లేదు కాబట్టి ఆ అకౌంటూ లేదు. మీ నాన్నగారి డబ్బు ఎటు పోతుందో అడిగే దారి లేదు.

మరి సగం రేటుకి ఎందుకిస్తున్నారు? బ్యాంకు ఇవ్వని అప్పు నువ్వు ఇస్తున్నావు కాబట్టి. భూమి పూర్తిగా కొని ఉండకపోవచ్చు, పర్మిషన్ రాకపోవచ్చు, ఆ రిస్కంతా నీ నెత్తిన పెట్టి, దానికి డిస్కౌంట్ అని పేరు పెట్టారు. ఇంకోటి, ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మి పెట్టే ఏజెంట్ కూడా సెక్షన్ 9 కింద రెరాలో రిజిస్టర్ అవ్వాలి. మీ మెంటార్ గారి ఏజెంట్ నంబర్ అడుగు, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో వెతుకు. ఉంటే ఆయన ఏజెంట్, అంటే మనం చెప్పుకున్న మొదటి రకం. లేకపోతే అమ్మే అర్హతే లేని మనిషి. రెండిట్లో ఏదైనా మెంటార్ మాత్రం కాదు.

మీ నాన్నగారికి ఎలా చెప్పాలన్నది నీకు అసలు కష్టమైన పని, నాకు తెలుసు. "మీకు తెలీదు నాన్నా" అనకు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి సంపాదించిన డబ్బది. ఇలా చెప్పు: "నాన్నా, కొందాం. కానీ రెరా నంబర్ వచ్చిన రోజు కొందాం. అప్పుడు రేటు కొంచెం ఎక్కువైనా పర్లేదు." మంచి ప్రాజెక్టు అయితే నంబర్ వస్తుంది. రాకపోతే మీ 18 లక్షలు మీ దగ్గరే ఉంటాయి. అవసరమైతే మీ నాన్నగారిని తీసుకుని మీకు తెలిసిన అడ్వకేట్ దగ్గరికి వెళ్లు. కొడుకు మాట కంటే నల్లకోటు మాట కొన్నిసార్లు బాగా వినపడుతుంది.

అందరికీ ఉపయోగపడేలా, మెంటార్‌ని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఇది నేను కొంటే మీకు ఎంత వస్తుంది? నిజాయితీ ఉన్న మనిషి నంబర్ చెప్తాడు, కోప్పడడు. రెండు, మీరు కొని ఐదేళ్లు దాటి ఉంచుకున్న ఆస్తి ఒక్కటి చెప్పండి, అందులో పడ్డ ఇబ్బంది ఏంటి? లాభాల కథలు మాత్రమే ఉన్నవాడి దగ్గర నేర్చుకోడానికి ఏమీ లేదు. మూడు, మీరు చూసి వద్దనుకున్న డీల్ ఏది, ఎందుకు? నాలుగు, నేను నా అడ్వకేట్‌కి చూపించి 15 రోజుల తర్వాత చెప్తాను, ఓకేనా? ఈ నాలుగో ప్రశ్నకి "అప్పటికి అయిపోతుంది" అని వస్తే, అయిపోనివ్వండి. హైదరాబాద్‌లో ప్లాట్లకేం కొదవ లేదు.

నేను ఎవరి పేరూ ఎందుకు చెప్పలేదో అర్థమైంది కదా. నేను ఒక పేరు చెప్తే ఈ నాలుగు ప్రశ్నలు అడగకుండా మీరు ఆయన్ని నమ్మేస్తారు. పైగా నాకు అందులో కమీషన్ ఉందో లేదో మీకెలా తెలుస్తుంది?

ఈ వారం హోంవర్క్, బీరువాలో ఉన్న డాక్యుమెంట్ చదవడం. చదివాక మీకు అర్థంకాని పదాలు కామెంట్స్‌లో రాయండి, సర్వే నంబర్లు, పేర్లు మాత్రం పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పదాలు తీసుకుని ఒక సేల్ డీడ్‌ని లైన్ లైన్‌గా చదువుదాం. ఉంటాను మరి, నమస్తే.